కరివేపాకు శిక్ష

దేశంలోని కోర్టుల్లో మూలుగుతున్న కేసులన్నీ లారీలకెత్తి, ఎల్బీ నగర్ తోలుకొచ్చి మా అమ్మమ్మ శివమ్మ ముందు దింపితే, శనివారం సాయంత్రానికి అన్నీ తేల్చేసి, ఆదివారం పొద్దున తలకు పోసుకుని, ఆ ఖాళీ లారీల్లో ఇసుక నింపి వెనక్కి పంపించేది. ఇందులో అబద్ధం పిసరంత ఉంటే గింటే అది ఇసుక దగ్గరే.

అమ్మమ్మకు చదువు రాదు. సంతకం ఒక్కటి వస్తుంది. అదీ పొలాలు అమ్మిన రోజుల్లో నేర్చుకున్నది కాబట్టి, ఆమె సంతకం ఎక్కడ కనిపించినా పక్కన ఏదో భూమి చేతులు మారుతున్నట్టే ఉంటుంది. చూపు మాత్రం గద్ద చూపు. ఎదురుగా నిలబడ్డ మనిషి అబద్ధం చెప్పేముందు చెవి గోక్కుంటాడని ఆమె సిద్ధాంతం. ఆ సిద్ధాంతం తెలిసిన దగ్గర్నుంచి మా అపార్ట్‌మెంట్లో ఎవరికి దురద పుట్టినా గోక్కోరు.

మెట్రో దిగి, బస్సుల మధ్య నుంచి ప్రాణాలు దక్కించుకుని లోపలి సందుల్లోకి వస్తే మా ఐదంతస్తుల బిల్డింగు కనబడుతుంది. ఆ నేల ఒకప్పుడు అమ్మమ్మ అత్తవారి ద్రాక్షతోట. బిల్డరుకు ఇచ్చినప్పుడు కింది ఫ్లాట్లు ఇంటివాళ్లకు వచ్చాయి. పై ఫ్లాట్లు ఆంధ్ర నుంచి వచ్చినవాళ్లు కొనుక్కున్నారు. పిల్లల్ని దిల్‌సుఖ్‌నగర్ కోచింగుల్లో వేద్దామని వచ్చినవాళ్లే ఎక్కువ. పిల్లలు ఉద్యోగాల్లో కుదురుకున్నారు, పెద్దలు ఇక్కడే కుదురుకున్నారు.

పార్కింగులో జనరేటర్ పక్కన ఒక సిమెంటు బల్ల ఉంది. సాయంత్రం చాయ్ తాగి అమ్మమ్మ దాని మీద కూర్చుంటుంది. నొప్పి కాలును బోర్లించిన పెయింటు డబ్బా మీద చాపుకుంటుంది. మొదట్లో గాలి కోసమే కూర్చునేది. ఒకరోజు రెండో అంతస్తు ఉపేంద్ర వచ్చి, పై అంతస్తు కుర్రాడు తెల్లవారకముందే డంబెల్స్ ఎత్తి దబీమని కింద పడేస్తున్నాడని, తన నెత్తిన సున్నం రాలుతోందని వాపోయాడు. చెప్పుకోవడానికి ఇంకెవరూ దొరక్క చెప్పాడు పాపం. అమ్మమ్మ కుర్రాణ్ని పిలిపించింది. ఇద్దరి మాటా విన్నది. ఆ తరువాత ఉపేంద్రను అడిగింది, నీకేం కావాలని. వాడికి బుద్ధి రావాలన్నాడు. అయితే రేపటి నుంచి ఇద్దరూ కలిసి డాబా మీద ఎత్తండి, ఎవరూ కింద పడేయకుండా ఒకరినొకరు చూసుకోండి అన్నది.

ఉపేంద్ర బిత్తరపోయాడు. తప్పు చేసింది వాడైతే తానెందుకు ఎత్తాలన్నాడు. అప్పుడే అమ్మమ్మ నోటి నుంచి ఆ సూత్రం మొదటిసారి బయటికి వచ్చింది. “శిక్ష గావాలన్నోళ్లు సగం మొయ్యాలె.”

ఇవాళ ఉపేంద్ర చొక్కా చేతులు బిగుసుకుపోయి, పండక్కి కొత్త బట్టలు కుట్టించుకోవాల్సి వచ్చింది.

ఈ సూత్రం వల్ల ఒక మేలు జరిగింది. ఫిర్యాదులు సగానికి సగం రాలిపోయాయి. ఎదుటివాడికి ఏం శిక్ష కావాలో అనుకునేముందు, అందులో సగం తన వీపు మీద ఎలా ఉంటుందో జనం ఊహించుకోవడం మొదలుపెట్టారు. డాబా మీద ఆరబెట్టిన మినప వడియాలను ఫోన్ మాట్లాడుకుంటూ తొక్కేసిన భావన అనే కొత్తకోడలికి కాకుల్ని తోలే శిక్ష పడితే, ఫిర్యాదు చేసిన ఆవిడ కూడా గొడుగు పట్టుకుని పక్కన కూర్చోవలసి వచ్చింది. ఎండ దిగేసరికి ఇద్దరూ ఒకరి అత్తగారి సంగతులన్నీ ఒకరు తెలుసుకున్నారు. వడియాల్లో సగం కాకులే తిన్నాయి. వాటి మీద ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

టీవీ సీరియళ్లలోని న్యాయం అమ్మమ్మకు అస్సలు గిట్టదు. ఒక సీరియల్లో కోడల్ని ఏళ్ల తరబడి కాల్చుకుతిన్న అత్త, చివరి రోజున మెట్ల మీద నుంచి దొర్లి మంచాన పడింది. ఇంటిల్లిపాదీ తృప్తిగా నిట్టూర్చారు. అమ్మమ్మ ఒక్కతే రిమోటు విసిరేసింది. మెట్ల మీద పడటం శిక్ష కాదు, కాలు జారడం అన్నది. ఆ అత్తతో ఆ కోడలింట్లో ఒక నెల పప్పు వండించి, రోజూ ఉప్పు సరిపోయిందా అమ్మా అని కోడల్ని అడిగించాలట. అది రాయడం చేతగాక దేవుడి మీదికి, మెట్ల మీదికి తోసేశారట. పై అంతస్తు వెంకట్రావుగారు కోర్టులో గుమాస్తాగా రిటైరైన మనిషి, నవలల పురుగు. కథల్లో చెడ్డవాడు చచ్చిపోతేనే పాఠకుడికి నిద్ర పడుతుందని ఆయన వాదించబోయాడు. చచ్చినోడు ఏం నేర్చుకుంటడు సారూ అని అమ్మమ్మ అడిగితే, ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటూ లిఫ్టు ఎక్కాడు.

ఈ పిచ్చి ఆమెకు ఊరికే పట్టలేదు. కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో మామగారు నర్సింహ ఊరికి పెద్దమనిషి. ఆయన గొంతు సవరించుకుంటే నాలుగిళ్ల అవతల పిల్లలు ఏడుపు ఆపేవారు. ద్రాక్ష తీగలు కత్తిరించడానికి భిక్షపతి అనే ఆయన ఉండేవాడు. ఎక్కడ కోస్తే గుత్తి వస్తుందో, ఎక్కడ కోస్తే తీగ ఏడుస్తుందో ఆయన చేతికి తెలుసు. ఒక కాపుకు ఆయన రెండు బుట్టలు దాచి చెల్లెలింటికి పంపాడు. పంచాయితీ కూర్చుంది. సగం మీసం గొరిగించి, డప్పుతో ఊరంతా తిప్పించాడు మామగారు. జనం నవ్వారు. కొత్త కోడలు శివమ్మ కూడా తలుపు సందులోంచి నవ్వింది. తెల్లారేసరికి భిక్షపతి ఇంటికి తాళం. పెళ్లాం పిల్లలతో ఎటు పోయాడో ఎవరికీ తెలియలేదు.

మరుసటి ఏడు తోట పెళ్లిపందిరిలా ఆకులేసింది. పిచ్చుకలకు సరిపడా కాయ కూడా రాలేదు. మామగారు ఎవరెవరినో తెచ్చి కోయించాడు. తీగలు మొండికేశాయి. కొన్నేళ్లకు తోట బీడు పడింది, బీడు ప్లాట్లయింది, ప్లాట్ల మీద బిల్డింగు లేచింది. లెక్క ప్రకారం మా అపార్ట్‌మెంట్ పునాది ఒక సగం మీసం మీద ఉంది. అప్పట్నుంచి అమ్మమ్మకు ఒకటే పట్టుదల. శిక్ష అయిపోయాక ఆ మనిషి మళ్లీ మన మధ్య తిరగాలి, మన పంక్తిలో మన పక్కన తినాలి. అలా కాకపోతే అది శిక్ష కాదు, వెళ్లగొట్టడం.

ఇంత తెలిసిన మనిషికి ఇంట్లోనే పరీక్ష వచ్చింది.

అమ్మమ్మకు మా అమ్మ అంబిక, మా మామ ధనరాజ్ ఇద్దరే సంతానం. మామ రియల్ ఎస్టేటు మనిషి. తెల్లచొక్కా, నాలుగు వేళ్లకు ఉంగరాలు, అయిదో వేలు ఖాళీగా ఉందన్న దిగులు. మీర్‌పేట్ అవతల వేసిన వెంచర్లో ప్లాట్లు కదలక ఆ ఎండాకాలం ఆయన మొహం వేలాడేసుకుని తిరిగాడు. వాస్తు చూసే పెద్దమనిషి ఒకాయన ఇల్లంతా తిరిగి, దిక్సూచి పెట్టి చూసి, మీ ఈశాన్యంలో బరువుంది అన్నాడు. ఈశాన్యం మూల చూస్తే కాంపౌండు గోడ పక్కన కరివేపాకు చెట్టు.

ఆ చెట్టు వెంకట్రావుగారి భార్య ఉదయలక్ష్మిగారిది. రేపల్లెలో తన పుట్టింటి పెరట్లో మొక్కను తడిగుడ్డలో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చి నాటిందావిడ. పేరుకే ఆవిడది. బిల్డింగు బిల్డింగంతా పోపు పెట్టేముందు చెంగు దోపుకుని కిందికి దిగేది ఆ చెట్టు దగ్గరికే. అడగడం లేదు, చెప్పడం లేదు. చారు మాది, వాసన ఆవిడది.

మామ ఎవరికీ చెప్పకుండా మనిషిని పెట్టి చెట్టు కొట్టించేశాడు. తెల్లారి ఉదయలక్ష్మిగారు పొయ్యి మీద నూనె పెట్టి, ఆవాలు వేసి, రెబ్బ కోసం దిగివచ్చారు. మొద్దు కనిపించింది. ఆవిడ అక్కడే నిలబడిపోయింది. పైన పోపు మాడిన వాసన కింది దాకా వచ్చింది. ఆ రోజు మజ్జిగ పులుసు ఏ ఇంట్లోనూ సరిగా కుదరలేదని తరువాత తెలిసింది.

సాయంత్రం ఆవిడ బల్ల దగ్గరికి వచ్చింది. వెనకాల వెంకట్రావుగారు చేతులు కట్టుకుని, లాయరు ముఖం పెట్టుకుని.

“శివమ్మగారూ, ఇవాళ నా ఫిర్యాదు మీ ఇంటి మీదే. వింటారా, ఇంకో చోటికి వెళ్లమంటారా?”

“చెప్పు ఉదయమ్మా. గీ బల్ల మీద కూసున్నంక నాకు కొడుకుల్లేరు.”

చెప్పడం తేలిక. మర్నాడు సాయంత్రం పంచాయితీ అని మాట ఇచ్చి ఇంట్లోకి వచ్చేసరికి కొడుకు ఎదురుగానే ఉన్నాడు. ఉత్త కరివేపాకు చెట్టుకు ఇంత లొల్లి ఏందని మొదలుపెట్టాడు. నేల మనది, మూల మనది, పైగా చెట్టు కొట్టగానే రెండు ప్లాట్లు అమ్ముడుపోయినయి, చూసినవా అని గర్వంగా చెప్పాడు. అమ్మమ్మ నొప్పి కాలు చాపుకుని కూర్చుంది. అప్పుడు మామ గొంతు తగ్గించాడు.

“నలుగుర్ల నా ఇజ్జత్ తీసినవనుకో, నాగోల్ల కొన్న ఇంటికి పోతా అమ్మా. ఇగ గీ గడప తొక్క. ఆలోచించుకో.”

అమ్మమ్మకు ఆ రాత్రి అన్నం సహించలేదు. మామ వట్టి మాటలు చెప్పే మనిషే గానీ, మొండి మాటలు మాత్రం నిలబెట్టుకుంటాడు. ఊరుకుంటే బల్ల పోతుంది, అంతకంటే ముఖ్యంగా ఉదయలక్ష్మికి మొహం చూపించలేకపోతుంది. శిక్ష వేస్తే కొడుకు పోతాడు. భిక్షపతి ఇంటికి పడ్డ తాళం ఆమె కళ్ల ముందు ఊగింది. నొప్పి కాలుకు నూనె రాసుకుంటూ మా అమ్మతో ఒకే మాట అన్నదట, మా మామగారికి పరాయోళ్లే దొరికిండ్రు, నాకు నా కడుపున పుట్టినోడే దొరికిండు అని.

పంచాయితీకి బిల్డింగంతా దిగింది. లిఫ్టు ఆగకుండా తిరిగి వేడెక్కింది. వెంకట్రావుగారు లేచి, కామన్ ఏరియా అంటే ఏమిటో, అందులో ఎవరి హక్కు ఎంతో, సెక్షన్లతో సహా వివరించడం మొదలుపెట్టారు. ఆయన ఊపిరి తీసుకున్న చోట అమ్మమ్మ అందుకుంది. మామ వైపు తిరిగి, ఎవ్వరిని అడిగి కొట్టినవ్‌రా అన్నది. మనదే కదా అన్నాడు మామ. ఎప్పటి సంది మనది, అమ్ముకున్నంక మనదెట్లయితది అన్నది. మామ చెవి దాకా చెయ్యి తీసుకుపోయి, గుర్తొచ్చి జేబులో పెట్టుకున్నాడు.

తరువాత ఆమె ఉదయలక్ష్మిగారిని అడిగింది, నీకేం కావాలని.

“నాకు జరిమానా వద్దండీ. మా అమ్మ చేతి చెట్టు ఇంక రాదు. కానీ అదేదో పనికిరాని బరువని కొట్టించాడు చూడండీ, అది తట్టుకోలేకపోతున్నాను. అది ఎన్ని ఇళ్లకు పనికొచ్చేదో అతనికి తెలియాలి. అంతే.”

అమ్మమ్మ తలూపింది. తీర్పు చెప్పింది. రోజూ పొద్దున్నే ధనరాజ్ సరూర్‌నగర్ రైతుబజారుకు పోయి కరివేపాకు తేవాలి. వాచ్‌మన్‌తో పంపకూడదు, డ్రైవర్‌తో పంపకూడదు, తన చేత్తోనే పోపు వేళకు ప్రతి గడపకూ ఇవ్వాలి. మొద్దుకు పిలకలొచ్చి, అవి తెంపుకునేంత అయ్యేదాకా ఇదే పని. శిక్ష కోరింది గనక ఉదయలక్ష్మి కూడా అతని వెంట ప్రతి గడపకూ తిరగాలి.

మామ కారు తాళం తీసుకుని, ఉన్న బట్టలతోనే నాగోల్ వెళ్లిపోయాడు. గేటు మూసుకున్న చప్పుడుకు అమ్మమ్మ కాలు డబ్బా మీద నుంచి జారింది.

మర్నాడు పొద్దున ఉదయలక్ష్మిగారు బాధగా వచ్చి, శిక్ష వెనక్కి తీసుకోమని అడిగింది. నా చెట్టు కోసం మీ ఇల్లు విరగడం నాకిష్టం లేదండీ అన్నది. అమ్మమ్మ అప్పటికే చెప్పులేసుకుని, బుట్ట పట్టుకుని ఆటో కోసం నిలబడి ఉంది.

“పడ్డ శిక్ష నడవాలె ఉదయమ్మా. నడవకపోతే రేపటి సంది ఆ బల్ల మీద కాకులు కూసుంటయ్. గీ మన్నంత మనదే బిడ్డా అని వానికి చిన్నప్పుడు సంకలేసుకుని చెప్పింది నేనే. వాని సగం నేను మోస్త. నడువు.”

అలా ఇద్దరు ముసలమ్మలూ గడప గడపకూ తిరిగారు. ఒకరు గంట కొడతారు, ఒకరు రెబ్బలు అందిస్తారు. తలుపు తీసినవాళ్లకు ఏం చేయాలో తోచేది కాదు. న్యాయమూర్తి కరివేపాకు ఇస్తుంటే చేతులు చాచాలా, దండం పెట్టాలా? కొందరు రెండూ చేశారు. నాలుగో అంతస్తు అరుణజ్యోతి కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది. జడ్జిగారే ముద్దాయి శిక్ష అనుభవించడం ఏ సెక్షన్లోనూ లేదని వెంకట్రావుగారు తలబాదుకున్నారు. ఆయన బాధ వేరే. భార్య పొద్దున్నే గడపలు తిరగడానికి పోతే తన కాఫీ తానే పెట్టుకోవలసి వస్తోంది. శిక్షలో సగం ఆవిడ మీద పడితే, ఆ సగంలో సగం ఈయన మీద పడింది.

ఎవరో ఫోటో తీసి బిల్డింగు వాట్సప్ గ్రూపులో పెట్టారు. అమ్మమ్మ గోడ పట్టుకుని మెట్టు ఎక్కుతున్న ఫోటో. ఆ వేళ లిఫ్టు పనిచేయడం లేదు మరి. గ్రూపులో మామ నంబరు ఉందన్న సంగతి అమ్మమ్మకు తెలియదు. తెలిస్తే తీయనిచ్చేది కాదు. కొడుకును ఏడిపించి రప్పించడం ఆమె పద్ధతి కాదు.

రెండు రోజులు మామ రాలేదు. అమ్మమ్మ రోజూ అతని కంచం కడిగి బోర్లించేది, ఎవరూ చూడనప్పుడు గేటు వైపు చూసేది. అడిగితే పాలవాడి కోసమని చెప్పేది. మా ఇంటికి పాలు ప్యాకెట్లలో వస్తాయి.

ఆ తరువాతి పొద్దున ముసలమ్మలిద్దరూ రెండో అంతస్తులో ఉన్నారు. బాగుచేసిన లిఫ్టు తలుపు తెరుచుకుంది. మామ దిగాడు. గడ్డం మాసింది, చొక్కా మాత్రం ఇస్త్రీదే. తల్లి మొహం చూడలేదు. వచ్చి ఆమె చేతిలోని బుట్ట తీసుకున్నాడు. అమ్మమ్మ ఊరుకునే మనిషా?

“ఎడమచేత్తోటి ఇయ్యకు. రెబ్బలు నలుగుతయ్.”

ఉపేంద్ర తలుపు తీశాడు. మామ కుడిచేత్తో రెండు రెబ్బలు అందించి, ఆంటీ చెట్టు కొట్టింది నేనే సార్, ఆకు తీసుకోండ్రి అన్నాడు. అలా చెప్పమని శిక్షలో లేదు. ఆయనే కలుపుకున్నాడు. వెనకాల ఉదయలక్ష్మిగారు మొహం పక్కకు తిప్పుకుంది. ఆ పూట మామ మా ఇంట్లో పప్పుచారుతో రెండుసార్లు అన్నం పెట్టించుకుని తిన్నాడు. మూడోసారి అమ్మమ్మే గరిటె ఎత్తి, అడక్కుండానే వేసేసింది.

ఇక్కడితో ఆగితే చక్కని కథ అయ్యేది. మా మామ ఆగనిస్తాడా?

రోజూ ఇన్ని గడపలు తొక్కుతుంటే మాటా మాటా కలిసింది. ఎవరింట్లో మనవరాలికి జ్వరమో, ఎవరు ఇల్లు మారాలనుకుంటున్నారో ఆయనకు తెలిసిపోయింది. ఏళ్ల తరబడి లిఫ్టులో తల వంచుకుని పోయిన జనం, అన్నా రండి, కాఫీ తాగండి అనడం మొదలుపెట్టారు. వర్షాలు పడి మొద్దు పక్కన పిలకలు తొంగిచూసే నాటికి అరుణజ్యోతి వాళ్లు మీర్‌పేట్ వెంచర్లో ప్లాటు కొన్నారు. ఉపేంద్ర తన బావమరిదికి ఒకటి ఇప్పించాడు. ఈశాన్యంలో బరువు తగ్గినందుకు కాదు, కరివేపాకు బరువు మోసినందుకు ప్లాట్లు పోతున్నాయని మా అమ్మ ఎగతాళి చేసింది.

ఉదయలక్ష్మిగారు మళ్లీ బల్ల దగ్గరికి వచ్చింది. ఈసారి నవ్వు ఆపుకుంటూ.

“ఇదేం శిక్షండీ? రెబ్బతో పాటు తన వెంచర్ ప్లాట్ల రంగుల కాగితం కూడా చేతిలో పెడుతున్నాడు. ప్రతి గడప దగ్గరా నేను సాక్షి సంతకం చేయాల్సొచ్చేలా ఉంది.”

అమ్మమ్మ కాగితాలు పంచడం బంద్ అన్నది. నోటితో అమ్ముకుంటే అమ్ముకోనీ, అది వాడి నోరు. ఉదయలక్ష్మిగారు ఒప్పుకుంది. అంతటితో తిరగడం మానేయవచ్చు అన్నా ఆవిడ మానలేదు. మూడో అంతస్తు వాళ్ల గోంగూర పచ్చడి రుచి తెలిశాక ఆవిడకు పొద్దున్నే కాలు నిలవడం లేదు. కొత్త పిలకలకు నీళ్లు మామే పోస్తున్నాడు. వాస్తు పెద్దమనిషి ఫోన్ చేస్తే ఎత్తడం లేదు.

నాకు మాత్రం ఇందులో న్యాయం ఎక్కడుందో బోధపడలేదు. అందుకే ఒక సాయంత్రం బల్ల పక్కన కూర్చుని అడిగేశాను. చెట్టు పోయిందావిడది. అలిగింది మామ, మెట్లెక్కి వాచింది నీ మోకాళ్లు, ప్లాట్లు అమ్ముకున్నది మళ్లీ మామే. ఇంతకీ మామకు పడ్డది శిక్షా, బహుమానమా? దేశంలో ఉన్న కేసులన్నీ నీకే అప్పగించాలని నేను రాస్తున్నాను, ఏం చెప్పమంటావ్ జనానికి అని.

అమ్మమ్మ పెయింటు డబ్బా మీద కాలు సర్దుకుని, నన్ను పైనుంచి కింది దాకా చూసింది.

“వాడు పొద్దున ఇంట్ల బువ్వ తిన్నడు. ఉదయమ్మ నాతోటి మాట్లాడుతున్నది. నాకు గంతే గావాలె. నీకు న్యాయం గావాల్నంటే పొయి కోర్టుల కూసో, నా పానం తియ్యకు.”